12 రోజుల్లో ఆరు దేశాలా? యూరప్ కారు ప్రయాణంపై మీ ప్రశ్నలు

ప్రశ్న: అండీ, మే ఆఖర్లో మేమిద్దరం, అమ్మానాన్న, ఏడేళ్ళ పాప కలిసి యూరప్ వెళ్దామనుకుంటున్నాం. 12 రోజులు. ప్యారిస్‌లో దిగి కారు రెంట్‌కి తీసుకుని బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ, స్విట్జర్లాండ్ చూసుకుంటూ రోమ్‌లో కారు ఇచ్చేసి ఫ్లైట్ ఎక్కాలని ప్లాన్. డ్రైవింగ్ నేనొక్కడినే. అవుతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అవడానికి అవుతుందండీ, కానీ రెండువేల కిలోమీటర్ల పైన మీరొక్కరే నడపాలి, అదీ ఎడమవైపు స్టీరింగ్‌తో, కుడివైపు రోడ్డు మీద, రోజుకో కొత్త హోటల్‌కి సామాన్లు ఎక్కిస్తూ దించుతూ. నాలుగో రోజుకే మీకు నీరసం, వెనక సీట్లో అమ్మగారికి నడుం నొప్పి, ఇంక చూసేదేముంటుంది? పైగా ఒక దేశంలో కారు తీసుకుని ఇంకో దేశంలో ఇచ్చేస్తే వన్-వే ఫీజు కొన్ని వందల యూరోలు పడొచ్చు. అందుకే నా మాట వినండి, దేశాలు లెక్కపెట్టకండి, రోజుకి ఎన్ని గంటలు నడుపుతారో లెక్కపెట్టండి, మూడు గంటలు దాటనివ్వకండి.

మీకైతే నేను చెప్పే రూట్ మ్యూనిక్‌లో మొదలై మ్యూనిక్‌లోనే అయిపోయేది. అక్కడ రెండు రాత్రులు, ఇన్స్‌బ్రుక్‌లో రెండు, వెరోనా లేదా గార్డా సరస్సు దగ్గర రెండు, వెనిస్ చూడ్డానికి మెస్ట్రేలో రెండు, స్లొవేనియాలో బ్లెడ్ సరస్సు దగ్గర రెండు, చివర్న సాల్జ్‌బర్గ్‌లో ఒకటి. మొత్తం దాదాపు 1300 కిలోమీటర్లు, నాలుగు దేశాలు, ఆల్ప్స్ పర్వతాలు రెండుసార్లు దాటతారు. దిగిన రోజు మాత్రం కారు ముట్టుకోకండి, రాత్రంతా ఫ్లైట్‌లో కూర్చుని వచ్చి కొత్త వైపు డ్రైవింగ్ అంటే ప్రమాదమే, మూడో రోజు పొద్దున తీసుకోండి, మ్యూనిక్‌లో తిరగడానికి మెట్రో ట్రైన్లు చాలు.

వీసా సంగతి ముందే చూసుకోండి. ఈ నాలుగు దేశాలకీ కలిపి షెంగెన్ అనే ఒకే వీసా చాలు. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికే అప్లై చేయాలి, దిగేది ఎక్కడైనా సరే. పై ప్లాన్‌లో ఇటలీలో నాలుగు రాత్రులు కాబట్టి ఇటలీ వీసా. తర్వాత హోటళ్ళు అటూఇటూ మార్చితే ఈ లెక్క కూడా మారిపోతుంది, జాగ్రత్త. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్‌టీఓలో తీసుకోండి, ఏడాది పనిచేస్తుంది, దాంతోపాటు ఒరిజినల్ లైసెన్స్ కూడా జేబులో ఉండాలి.

కారు బుక్ చేసేటప్పుడు ఏయే దేశాలకి వెళ్తారో ముందే చెప్పి, కాగితం మీద రాయించుకోండి. డిపాజిట్‌కి డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డ్ ఉండాలంటారు, డెబిట్ కార్డ్ చాలాచోట్ల ఒప్పుకోరు. చవగ్గా కనపడేవి మాన్యువల్ కార్లు, కొత్త వైపు నడుపుతూ గేర్లు కూడా కుడిచేత్తో వెయ్యడం ఎందుకు చెప్పండి, డబ్బులు ఎక్కువైనా ఆటోమేటిక్ తీసుకోండి. అయిదుగురి పెట్టెలు చిన్న కారులో పట్టవు, వెనక డిక్కీ పొడుగ్గా ఉండే ఎస్టేట్ మోడల్ అడగండి. పాపకి బూస్టర్ సీట్ తప్పనిసరి.

ఇక టోల్. జర్మనీలో కార్లకి ఆటోబాన్ ఫ్రీ. ఆస్ట్రియాకి విన్యెట్ అని ఉంటుంది, అంటే ఇన్ని రోజులకని ముందే కొనుక్కునే టోల్ పాస్, 10 రోజులది కొంటే మీ ప్లాన్‌కి సరిగ్గా సరిపోతుంది. కారు నంబర్ మీద కొనాలి కాబట్టి కారు చేతికొచ్చాకే, అక్కడి హైవేల కంపెనీ ఆస్ఫినాగ్ సొంత సైట్‌లోనే కొనండి, మధ్యలో వేరేవాళ్ళు ఎక్కువ రేటుకి అమ్ముతుంటారు. ఇన్స్‌బ్రుక్ నుంచి ఇటలీకి ఆల్ప్స్ దాటించే బ్రెన్నర్ దారికి, టవర్న్, కరవాంకెన్ సొరంగాలకి వేరేగా కట్టాలి. స్లొవేనియాకి వారం విన్యెట్, లేకపోతే జరిమానా 300 యూరోల నుంచి మొదలు.

ఇటలీలో టోల్ గేట్ల పద్ధతి, ఎక్కేచోట టికెట్, దిగేచోట డబ్బు. గేటు దగ్గర పైన బోర్డులు చూడండి, పసుపు రంగులో టెలీపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) అని మాత్రమే ఉన్న లైన్లోకి వెళ్ళకండి, నీలం బోర్డు కార్డులకి, తెల్ల బోర్డు మీద నాణేల బొమ్మ ఉంటే నగదుకి. పొరపాటున తప్పు లైన్లో దూరితే రివర్స్ మాత్రం చెయ్యొద్దు, మెషీన్ మీద సహాయం బటన్ నొక్కితే రశీదు వస్తుంది, 15 రోజుల్లో కట్టుకోవచ్చు. టికెట్ పోతే అన్నింటికంటే దూరం ఎంట్రీ నుంచి లెక్కేసి వసూలు చేస్తారు, అందుకని టికెట్ నాన్నగారి చేతికివ్వండి, పెద్దవాళ్ళు పోగొట్టరు.

వెరోనా లాంటి ఊళ్ళ మధ్యలో జెడ్‌టీఎల్ అని, బయటి కార్లని రానివ్వని జోన్లుంటాయి. తెల్ల బోర్డు మీద ఎర్ర సున్నా, పక్కన కెమెరా. పర్మిట్ లేని కారు లోపలికెళ్తే ఫొటో తీసేస్తుంది, నెలల తర్వాత ఇంటికి జరిమానా వస్తుంది, రెంటల్ కంపెనీ తన ఫీజు వేరేగా కోస్తుంది. హోటల్ ఆ జోన్‌లోపల ఉంటే మీ కారు నంబర్ రిజిస్టర్ చేయమని వాళ్ళకి ముందే చెప్పండి, లేదంటే బయట పార్కింగ్‌లో పెట్టి నడవండి. వెనిస్‌లోకి కారు ఎలాగూ పోదు, మెస్ట్రే నుంచి ట్రైన్‌లో పది నిమిషాలే.

బ్రెన్నర్ దారిలో లూగ్ వంతెన పనులు 2025 నుంచి నడుస్తున్నాయి, రద్దీ లేని రోజుల్లో ఒక్కో వైపు ఒక్క లేనే ఉంటోంది, అదీగాక మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో పెంతెకోస్తు పండగ సెలవులు సాధారణంగా మే ఆఖరు, జూన్ మొదట్లో పడతాయి, కాబట్టి అక్కడ శనివారం దాటేలా పెట్టుకోకండి. జర్మనీ, ఆస్ట్రియాల్లో ట్రాఫిక్ నెమ్మదించగానే, సైరన్ వినపడకముందే, ఎడమ చివరి లేన్ వాళ్ళు ఎడమకి, మిగతా అందరూ కుడికి జరిగి మధ్యలో అంబులెన్స్‌కి దారి వదలాలి. ఇది నాకు చాలా నచ్చే అలవాటు, మీరూ తప్పకుండా పాటించండి.

ప్రశ్న: ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం, వచ్చి ఎనిమిది నెలలైంది. ఫ్రెండ్స్‌తో కలిసి క్రొయేషియా దాకా డ్రైవ్ అనుకుంటున్నాం. నా హైదరాబాద్ లైసెన్స్‌తో నడపొచ్చా అక్కా?
– ఒక పాఠకుడు, ఫ్రాంక్‌ఫర్ట్

జవాబు: వద్దు తమ్ముడూ. జర్మనీలో నివాసం మొదలైన ఆరు నెలల వరకే మన లైసెన్స్ చెల్లుతుంది, ఆ తర్వాత నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే, అది అక్కడ క్రిమినల్ నేరం, యాక్సిడెంట్ ఏమైనా అయితే ఇన్సూరెన్స్‌తోనూ తలనొప్పి. జర్మన్ లైసెన్స్‌కి థియరీ, ప్రాక్టికల్ పరీక్షలు రెండూ రాయాలి గానీ, మన లైసెన్స్ చూపిస్తే తప్పనిసరి క్లాసుల గంటలు మినహాయిస్తారు. ఈసారికి జర్మన్ లైసెన్స్ ఉన్న ఫ్రెండ్ నడపనీ, ఇద్దరుంటే ఇద్దరి పేర్లూ కాంట్రాక్ట్‌లో ఎక్కించండి. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంగెన్‌లోనే ఉంది, కరెన్సీ కూడా యూరోనే. అయినా పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డ్ దగ్గరుంచుకో, దారిలో బోర్డర్ల దగ్గర ఆపి చూస్తున్నారు.

ప్రశ్న: నాన్నకి బయట తిండి పడదు. నెయ్యి, పచ్చళ్ళు తీసుకెళ్ళొచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ఆవకాయ, గోంగూర, కందిపొడి హాయిగా తీసుకెళ్ళండి, గట్టిగా ప్యాక్ చేసి చెకిన్ బ్యాగ్‌లో. నెయ్యి, చికెన్, మటన్ పచ్చళ్ళు మాత్రం వద్దమ్మా, యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేనివ్వరు, ఎయిర్‌పోర్ట్‌లో పారేస్తారు. నెయ్యి కావాలంటే జర్మన్ సూపర్‌మార్కెట్‌లో బుటర్‌ష్మాల్ట్స్ అడగండి, దాదాపు మన నెయ్యే. పెరుగు ప్రతి షాపులో ఉంటుంది. హోటల్ బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు తీసుకుని, చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్తే సగం బెంగ తీరిపోతుంది. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం షాపులు దాదాపు అన్నీ మూసేస్తారు, శనివారమే కొని పెట్టుకోండి.