కలుపు మందు డోసు పెంచి కొడితే రెసిస్టెన్స్ (మందుని తట్టుకునే గుణం) వచ్చిన కలుపు చస్తుందా?

చాలాసార్లు చావదు, డోసు పెంచడం కంటే వేరే పద్ధతిలో పనిచేసే మందుకి మారడం, కలుపు 2-4 ఆకుల మీద ఉన్నప్పుడే కొట్టడం ముఖ్యం. చాలా మందులు మొక్కలో ఏదో ఒక ఎంజైమ్‌ని (మొక్క లోపలి పనులు నడిపే ప్రోటీన్‌ని) పట్టుకుని ఆపేస్తాయి, ఆ ఎంజైమ్ ఆకారం కొంచెం మారిపోయిన మొక్కలో మందు అతుక్కోదు, ఇక ఎంత పోసినా పెద్దగా లాభం ఉండదు. కొన్ని మొక్కలు మందుని లోపలే విరగ్గొట్టేస్తాయి, వాటిలో ముదిరినవి ఇంకా మొండి.

ఉదాహరణకి అమెరికాలో పామర్ అమరాంత్ అనే తోటకూర జాతి కలుపు ఉంది, గ్లైఫోసేట్ అనే కలుపు మందు ఆపాల్సిన ఎంజైమ్ జీన్‌కి కొన్ని మొక్కల్లో వందకి పైగా కాపీలు తయారయ్యాయి, దాంతో ఆ ఎంజైమ్ చాలా ఎక్కువగా తయారవుతుంది, మందు కొంత ఎంజైమ్‌ని ఆపినా మిగతాది పని చేసుకుపోతుంది.

మందుకి కలుపు అలవాటు పడిపోయింది అంటుంటారు, అది తప్పు. తట్టుకునే మొక్కలు ముందే ఒకటీ అరా ఉంటాయి, ఏటా ఒకే మందు కొడితే మిగతావి చచ్చి వాటి విత్తనాలే నేలలో నిండుతాయి. బ్రాండ్ మార్చినా లోపలి మందు అదే అయితే మార్చనట్టే. అలాగని చావని ప్రతి కలుపూ రెసిస్టెంట్ కాదు, ఉప్పు నీళ్లు, ఆకుల మీద దుమ్ము, బెట్ట వల్ల కూడా మందు సరిగ్గా పనిచేయదు.