ముందు చెవి దగ్గర రక్తం, తర్వాతే లివర్ టానిక్

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. మీ కుక్క బ్రూనో కంట్లో తెల్లగా ఉండాల్సిన చోట పసుపు రాసినట్టుంది. "మంచి లివర్ టానిక్ ఏదైనా చెప్పు మామయ్యా" అన్నావు. ఇప్పుడే చెప్పను. ముందు దాని పెదవి పైకెత్తి చిగుళ్ళు చూడు. పచ్చగా ఉంటే ఈ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే మాత్రం ఇప్పుడే ఆటో ఎక్కు, మిగతా ఉత్తరం దారిలో చదువుకోవచ్చు.

కళ్ళు పచ్చబడగానే మనవాళ్ళకు లివరే గుర్తొస్తుంది. మన ఊళ్ళో అయితే నేలఉసిరి పసరు కూడా పోస్తారు. కానీ మన వైపు కుక్కలకు కామెర్లు వస్తే నేను మొదట అనుమానించేది గోమార్లను. మీరు పిడుదులంటారేమో. గోమారి కరిచినప్పుడు బబీసియా అనే కంటికి కనబడని పరాన్నజీవి రక్తంలోకి దిగుతుంది. ఎర్రకణంలోకి దూరి అక్కడే పెరిగి, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. అలా వేలకు వేల కణాలు పగిలిపోతుంటే వాటిలోని ఎరుపంతా విరిగి పసుపు పదార్థంగా మారుతుంది. దాన్ని వడకట్టి పైత్యంలోకి పంపే పని లివర్‌ది. రోజూ వచ్చే సరుకైతే ఫరవాలేదు, ఒక్కసారిగా లారీ లోడు దింపితే ఏం చేస్తుంది? పైగా రక్తం తగ్గిపోయి దానికి కావలసిన ప్రాణవాయువు కూడా సరిగ్గా అందదు. అప్పుడు లివర్ కణాలు దెబ్బతిని, ఆ దెబ్బను చూపించే ఎస్‌జీపీటీ అనే అంకె రక్తం రిపోర్టులో పెరుగుతుంది. లివర్, ప్లీహం రెండూ ఉబ్బుతాయి. మూత్రం డికాషన్ రంగులోకి మారుతుంది. అది కూడా చూసి డాక్టరుకు చెప్పు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనే ఆ తప్పు చేశాను. అప్పటికి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరి పదేళ్ళయింది, అంతా తెలుసనుకునే వయసు. మా కుక్క నల్లోడు తిండి మానేశాడు, కళ్ళు పచ్చబడ్డాయి. నాలుగు రోజులు టానిక్కు, గ్లూకోజు నీళ్ళు పట్టాను. అయిదో రోజు పొద్దున వాడు గడప దాటలేక అక్కడే కూలబడ్డాడు. అప్పుడు డాక్టరుగారు చెవి అంచు నుంచి రక్తపు చుక్క తీసి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి నన్నే చూడమన్నారు. ఎర్రకణం లోపల చిన్న ఉంగరం, ఉంగరానికి ఒక పక్క ఊదా రంగు రాయి పొదిగినట్టు చుక్క. అలాంటివి బోలెడు కనిపించాయి. ఆ సాయంత్రం వాడు పోయాడు.

అందుకే డాక్టరు దగ్గరకు వెళ్ళగానే "బ్లడ్ స్మియర్ చూస్తారా" అని అడుగు. అంటే ఇందాక చెప్పిన గాజు పలక పరీక్షే. ఏమీ అనుకోరు. స్మియర్‌లో కనబడకపోయినా అనుమానం తీరకపోతే పీసీఆర్ అనే పరీక్ష ఉంది. గోమార్లతోనే వచ్చే ఎర్లీకియా కూడా చూడమను. అది పరాన్నజీవి కాదు, బ్యాక్టీరియా జాతి. దానికి డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడతారు. వారానికే కుక్క గెంతులేస్తుంది, మనం మందు ఆపేస్తాం. ఆపకు. బబీసియా మందు వేరు, అందులోనూ రకాన్ని బట్టి మారుతుంది. పక్కింటి కుక్కకు వేసిన ఇంజెక్షనే మనకూ వేయమని అడగొద్దు. కుక్క కోలుకున్నాక కూడా బబీసియా ఒంట్లో కొంచెం మిగిలి, నీరసించినప్పుడు తిరగబెట్టవచ్చు. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ మళ్ళీ ఎప్పుడు చూపించాలో అడిగి రాసుకో.

జ్వరం ఉంది కదా అని పారాసిటమాల్ వేసేవు! కుక్క లివర్‌కు అది మంచిది కాదు, ఇప్పుడు అసలే కాదు. ఇంకో సంగతి, కుక్క ఒళ్ళు మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీలు ఉంటుంది. చేత్తో తాకి జ్వరమని కంగారు పడకు.

ఇక గోమార్లు. ఒంటి మీద పది కనబడ్డాయంటే వందలు గోడ పగుళ్ళలో, మంచం కోళ్ళ సందుల్లో ఉన్నట్టే. రక్తం తాగి సెనగగింజలా ఉబ్బిన ఆడది కిందకు రాలి, ఏదో మూల వేల గుడ్లు పెడుతుంది. నాకు తెలిసి ఎంతోమంది కుక్కకు మందు వేసి గోడను వదిలేస్తారు. అది పడుకునే చోట పగుళ్ళు పూడ్పించు, గుడ్డలు వేడినీళ్ళలో ఉడకబెట్టు. కిరసనాయిలు మాత్రం పూయొద్దు, నాకేస్తుంది. నెలకోసారి వేసే మాత్రలున్నాయి, మూడు నెలలు పనిచేసేవీ ఉన్నాయి. బరువు చూసి డాక్టరే ఇస్తారు. బబీసియా ఎక్కడానికి గోమారి రెండు రోజులైనా పట్టుకుని ఉండాలంటారు. అంటే రోజూ సాయంత్రం చెవుల వెనక, వేళ్ళ సందుల్లో, తోక కింద వెతికి పీకేస్తే చాలావరకు బయటపడతాం. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగు. వేళ్ళతో నలపొద్దు.

నట్టల సంగతి కూడా. కుక్కపిల్లల గుండ్రటి పురుగులు పేగుల్లోనే ఉంటాయనుకుంటాం. గుడ్డు లోపలికి వెళ్ళి పిల్లపురుగు బయటికొచ్చాక పేగు గోడ తొలుచుకుని, రక్తంలో కొట్టుకుపోయి ముందు లివర్‌కే చేరుతుంది, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు. బాబు నేల మీద పాకుతున్నాడు కాబట్టి ఇది నీకు మరీ ముఖ్యం. ఆ గుడ్లు పిల్లల నోట్లోకి వెళితే వాటి పిల్లపురుగులు వాళ్ళ లివర్‌లోనూ తిరుగుతాయి. పెంట పడిన రోజే తీసేస్తే భయం లేదు, గుడ్డు ముదరడానికి రెండు వారాలైనా కావాలి. పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి నట్టల మందు వేయించు. మటన్ కొట్టువాడు ప్రేమగా ఇచ్చే పచ్చి కార్జం, ఊపిరితిత్తుల ముక్కలు పెట్టకు. గొర్రెల కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తుల్లా ఉండే పురుగు కుక్కకు అలాగే వస్తుంది. పెట్టాలనుకుంటే బాగా ఉడికించు.

టానిక్ అడిగావు కదా, రిపోర్టు చూశాక అవసరమైతే ఆయనే రాస్తారు. స్మియర్‌లో ఏం కనబడిందో నాకు ఫోన్ చెయ్యి. రాత్రి పదకొండైనా మెలకువగానే ఉంటాను.

మామయ్య