రన్ కొట్టే ముందు రాయాల్సిన నాలుగు వరసలు

ప్రశ్న: కొత్తగా నేర్చుకునేవాళ్లకు పైథాన్ చెబుతున్నాను. ప్రోగ్రామంతా ఒక్క ఊపులో రాసేసి అప్పుడు రన్ కొడతారు. ఎర్రర్ రాగానే తోచిన చోటల్లా మార్చుకుంటూ పోతారు. ఈ అలవాటు మాన్పించడం ఎలా?

జవాబు: కీబోర్డు ముట్టుకోకముందే కాగితం మీద చిన్న పట్టిక గీయించండి. ఒక పక్క ఇన్‌పుట్, ఇంకో పక్క రావలసిన జవాబు. జాబితాలో పెద్ద సంఖ్య కనిపెట్టే ప్రోగ్రామే తీసుకోండి. 4, 9, 2 ఇస్తే 9. ఒక్క 5 ఇస్తే 5. -7, -3, -12 ఇస్తే -3. ఖాళీ జాబితా ఇస్తే ఏం చెయ్యాలో వాళ్లనే తేల్చుకోమనండి.

చాలామంది 'పెద్దది = 0' అని మొదలుపెడతారు. మొదటి రెండు వరసలూ దర్జాగా పాసవుతాయి. మూడోదానికి 0 వస్తుంది; ఆ జాబితాలో 0 లేనే లేదు! -3 అని ముందే రాసుకున్నవాళ్లు తప్పు అక్కడికక్కడే పట్టేస్తారు. రాసుకోనివాళ్లు తెర మీద ఏదో అంకె వచ్చింది కదా అని సంబరపడతారు. సున్నాకు బదులు జాబితాలోని మొదటి సంఖ్యతో మొదలుపెడితే ఇది సరిపోతుంది. కానీ అలా మార్చగానే నాలుగో వరస, ఖాళీ జాబితాలో మొదటి సంఖ్యే లేదు కాబట్టి, ఇండెక్స్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఏ మార్పు చేసినా పట్టిక మొత్తం మళ్లీ నడిపించమనేది ఇందుకే.

మూడు నాలుగు లైన్లు రాయగానే రన్ చేయించండి, వెతకాల్సిన చోటు చిన్నదవుతుంది. ఒకసారికి ఒక్క మార్పే. అది పని చెయ్యకపోతే తీసేశాకే రెండోది. ఈ విషయంలో మాత్రం మొహమాటపడకండి, పనికిరాని మార్పులు కోడ్‌లో మిగిలిపోతే కొత్త తప్పులు పుట్టేది వాటి నుంచే. గిట్ (కోడ్ మార్పులను దశలవారీగా దాచిపెట్టే సాధనం) వచ్చినవాళ్లయితే ఒక వరస పాసవగానే ఒక కమిట్, అంటే అప్పటి కోడ్‌ను అందులో దాచుకోవడం.

అన్నట్టు, మార్కులన్నీ అవుట్‌పుట్‌కే వేస్తుంటే ఇవేవీ ఎవరూ చెయ్యరు. పదిలో నాలుగైనా పట్టికకు కేటాయించండి.

ప్రశ్న: ఎర్రర్ మెసేజ్ చదవకుండానే నన్ను పిలుస్తున్నారు.

జవాబు: ట్రేస్‌బ్యాక్‌ను, అంటే ఎర్రర్ రాగానే పైథాన్ చూపే ఆ మెసేజ్ మొత్తాన్ని, కింది నుంచి చదవమనండి. ఆఖరి లైన్‌లో తప్పు పేరు ఉంటుంది, దాని పైన లైన్ నంబరు. పిలిచే ముందు ఆ రెండూ పైకి చదవాలని షరతు పెట్టండి. సగం మంది చదువుతూనే దిద్దుకుంటారు. సింటాక్స్ ఎర్రర్ (కోడ్ రాసే నియమం తప్పడం) అయితే పై లైన్ కూడా చూడాలి. బ్రాకెట్ మూయడం మరిచిపోతే పాత పైథాన్ తరచూ తరవాతి లైన్‌ను చూపేది. 3.10 నుంచి మూయని బ్రాకెట్‌నే చూపిస్తోంది. మీ ల్యాబ్ యంత్రాల్లో ఏ వెర్షన్ ఉందో ఒకసారి చూసుకోండి.