పాత పలకరాళ్లు మళ్లీ కప్పాలంటే మేకులు ఏవి కొనాలి?

ప్రశ్న: మా పాత ఇల్లు విప్పుతుంటే వరండా మీద కప్పిన మార్కాపురం పలకరాళ్లు చాలావరకు పగలకుండా దిగాయి. వాటినే కొత్త వరండాకు వాడుకోవాలని మా నాన్న పట్టుదల. ఇనుప యాంగిల్ ఫ్రేము, దానిమీద పలకలు ఆనడానికి చెక్క రీపర్లు (అడ్డ పట్టీలు) వేయిస్తున్నాం. మేస్త్రి ఇనుప మేకులు చాలంటాడు, వెల్డరు స్క్రూలు గట్టిగా బిగిద్దామంటాడు, మా బావేమో గమ్ముతో అతికిస్తే పోలా అంటున్నాడు. ఎవరి మాట వినాలి సార్?
– ఓ పాఠకుడు, కడప

జవాబు: ఆ పలకలు పారేయకుండా ఉంచుకున్నందుకు ముందు మీ నాన్నగారికి నమస్కారం. ఇక మేకుల సంగతి. విప్పిన పలకల్లో ఒకటి తీసి రంధ్రం దగ్గర చూడండి. చుట్టూ ఎర్ర మరక కనబడితే, పాత మేకు తల ఒకచోట, తిని సన్నబడిన కాడ ఇంకోచోట దొరికితే, పలకల కప్పు ఎందుకు జారుతుందో మీకే అర్థమవుతుంది. రాయి నిక్షేపంలా ఉంటుంది, దాన్ని పట్టుకున్న ఇనుమే పోతుంది. అందుకే ఇనుప మేకు వద్దు, జింకు పూత ఉన్న జీఐ మేకు కూడా రాయంత కాలం నిలవదు.

రాగి మేకు గానీ, 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్ గానీ తీసుకోండి. కడపలో సముద్రపు ఉప్పుగాలి లేదు కాబట్టి ఇంకా ఖరీదైన 316 అక్కర్లేదు. కాకపోతే కొనేటప్పుడు జాగ్రత్త, స్టెయిన్‌లెస్ అని అమ్మేదాంట్లో 202 గ్రేడు కూడా ఉంటుంది, అది ఎండావానల్లో తుప్పు మరకలు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు, బిల్లు మీద గ్రేడు రాయించుకోవడమే మంచిది. రాగి మేకులు వాడితే మాత్రం చూరు కింద జీఐ రేకు, జీఐ గట్టరు పెట్టకండి, రాగి మీదుగా జారిన నీళ్లు జింకును తినేస్తాయి.

పొడవు సంగతి: పలక మందాన్ని రెట్టింపు చేసి అంగుళం కలపండి. 6 మిల్లీమీటర్ల పలకకు ఒకటిన్నర అంగుళం మేకు సరిపోతుంది. తల వెడల్పుగా, చదునుగా ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, పలకను బిగించకూడదు, వేలాడదీయాలి. మేకు తల రాయిని తాకీ తాకనట్టు ఆగాలి, చేత్తో కదిపితే పలక కాస్త ఆడాలి. కడప ఎండలకు ఇనుము ఒకలా, చెక్క ఒకలా, రాయి ఒకలా సాగుతాయి, బిగించి పెట్టారంటే పలక రంధ్రం దగ్గరే పగులుతుంది. గమ్ము వద్దనేది కూడా ఇందుకే, పైగా రేపు ఒక పలక మార్చాలంటే పక్కవి కూడా పగలగొట్టాలి. మీ వెల్డరు మాటలో మాత్రం కొంత నిజముంది: ఇనుప ఫ్రేము మీద రీపరు సుత్తి దెబ్బకు ఊగి పక్క పలకలు చిట్లుతుంటే, స్టెయిన్‌లెస్ స్క్రూ చేత్తో తిప్పి, చివర్లో అర చుట్టు వెనక్కి వదలండి.

పాత రంధ్రం అరిగి పెద్దదైతే అందులోనే కొట్టకండి, అంగుళం పక్కన కొత్తది వేయండి, డ్రిల్ హ్యామర్ మోడ్‌లో (కొడుతూ తిరిగే పద్ధతిలో) పెట్టకుండా, మేకు కంటే కొంచెం పెద్ద బిట్‌తో. పాత రంధ్రం, కొత్త రంధ్రం రెండూ పై వరుస పలక కిందకే పోవాలి, లేకపోతే కారుతుంది. వేలితో కొట్టి ఖంగుమన్నవే ఎంచుకోండి, బొంగురుగా మోగినవి పక్కన పెట్టండి. మందంవి చూరు దగ్గర, పల్చనివి పైకి.

ప్రశ్న: మా పలకల కప్పులో నాలుగైదు జారిపోయాయి. మొత్తం విప్పాల్సిందేనా?
– ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: అక్కర్లేదమ్మా. అంగుళం వెడల్పు రాగి పట్టీ తీసుకుని, జారిన పలక చోట కింద కనబడే రెండు పలకల సందులోంచి పై కొసను రీపరుకు మేకుతో కొట్టించండి. పలకను పైకి తోసి, కింది కొసను దాని అంచు మీదకి మడిచేస్తే నిలబడుతుంది. పట్టీ కొసను ముందే రెండు మడతలు వేయించండి, ఒంటి మడత అయితే పలక బరువుకు విచ్చుకుంటుంది. అయితే మరుసటి ఏడాది మళ్లీ వేరే చోట్ల జారడం మొదలైతే మేకులన్నీ ఒకేసారి అయిపోయినట్టే లెక్క, అప్పుడు పట్టీల మీద డబ్బు పెట్టకుండా విప్పించి కొత్త మేకులు వేయించండి.