ఫార్వర్డ్ మెసేజ్‌లు అన్ని సమాజాల్లోనూ ఒకే విధంగా వ్యాపిస్తాయా?

వ్యాపించే పద్ధతి ఇంచుమించు అన్నిచోట్లా ఒకటే. అయితే ఆ మెసేజ్ ఎవరి చేతి మీదుగా వస్తుంది, దాన్ని కాదనే చనువు ఎవరికి ఉంటుంది అన్నవి మాత్రం సమాజాన్ని బట్టి మారతాయి. ఉద్యోగరీత్యా కొంతకాలం తైవాన్‌లోని షిన్‌చూ నగరంలో ఉన్నప్పుడు, అక్కడి సహోద్యోగులు వాట్సాప్ లాంటి ‘లైన్’ అనే యాప్‌లో తమ కుటుంబాల గ్రూపుల్లోకి వచ్చేవాటిని నాకు చూపిస్తుండేవారు. వాటిని మా బంధువుల వాట్సాప్ గ్రూపుతో పోల్చి చూడటం వల్ల నాకీ అభిప్రాయం ఏర్పడింది.

ముందుగా పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మల గురించి చెప్పాలి. మా గ్రూపులో సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా, శనివారం వేంకటేశ్వరస్వామి తప్పకుండా దర్శనమిస్తారు. తైవాన్‌లో తామరపూలు, కొండలు, వాటి మీద పెద్ద పెద్ద రంగుల అక్షరాల్లో ఒక మంచిమాట కనిపిస్తాయి. పంపేది రెండుచోట్లా ఇంటి పెద్దలే. అక్కడైతే వీటికి ‘పెద్దల బొమ్మలు’ అనే పేరే స్థిరపడింది. వీటిలో కొత్త సంగతి ఏమీ ఉండదు. తాము క్షేమంగా ఉన్నామనీ, మనల్ని తలచుకున్నామనీ తెలియజేయడమే వాటి పని, బదులుగా ఒక దండం బొమ్మ పెట్టడం మన మర్యాద. ఏడాది పొడుగునా ఇలా దండాలు అందుకున్న మనిషి నుంచే ఒకనాడు ఫలానా కషాయం తాగితే కాన్సర్ దరిచేరదన్న మెసేజ్ వస్తే, చదివేవారు విషయం కన్నా పంపినవారినే ఎక్కువగా చూస్తారు, దానికీ దండమే పెడతారు.

ఈ బుద్ధి ఫోన్లతో పుట్టింది కాదు. దేవుడి పేరిట వచ్చిన కార్డును ఇంతమందికి రాసి పంపకపోతే కీడు తప్పదన్న బెదిరింపులు పోస్టుకార్డుల కాలంలోనూ ఉండేవి. కాకపోతే అప్పుడు కార్డులు కొనాలి, కూర్చుని చేత్తో రాయాలి.

ఇక దేశాలు దాటే మెసేజ్‌లు దాదాపుగా తమ పుట్టుపూర్వోత్తరాలు పోగొట్టుకున్నాకే దాటుతాయి. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ మన దేశంలో తిరిగిన వీడియోల్లో ఒకటి, నిజానికి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. మోటారుసైకిల్ మీద వచ్చినవారు పిల్లవాణ్ణి ఎత్తుకుపోయి, చివర్లో తిరిగి తెచ్చి దింపి, ఒక హెచ్చరిక అట్టను చూపిస్తారు. ఆ చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. ఆపైన ఇలాంటి వీడియోలకు ప్రాంతానికొక గొంతు, జిల్లాకొక ఊరి పేరు తగిలాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ ముఠాలను పార్థీ గ్యాంగ్ అన్నారు. ఆ జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని మూక కొట్టి చంపింది, అదే నెలలో బీదర్ జిల్లాలో హైదరాబాద్‌కు చెందిన యువ ఇంజనీరు బలయ్యాడు. ఆగస్టులో మెక్సికోలోని అకాట్లాన్‌లో ఇటువంటి పుకారుకే ఇద్దరిని సజీవదహనం చేశారు.

మన దేశంలో జరిగిన ఆ ఘటనల తరువాత వాట్సాప్ ఇక్కడ ఫార్వర్డును ఒకసారికి ఐదు చాట్‌లకు పరిమితం చేసి, 2019 జనవరిలో ఆ నిబంధనను ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. 2020 ఏప్రిల్ నుంచి అప్పటికే చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఇవి వేగాన్ని తగ్గించాయనడంలో సందేహం లేదు, అయితే మా గ్రూపులోని కొందరికి కాపీ చేసి అతికించే విద్యను నేర్పింది కూడా ఇవేనని నా అనుమానం. అలా అతికించిన దాని మీద ఫార్వర్డ్ అన్న గుర్తు కూడా ఉండదు.

నా దృష్టిలో అసలు చిక్కు, తప్పని తెలిసినా నలుగురిలో పెద్దవారిని కాదనలేకపోవడం. తైవాన్‌వాళ్లు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. 2016లో మొదలైన కోఫ్యాక్ట్స్ అనే సేవలో అనుమానం కలిగిన మెసేజ్‌ను లైన్‌లోని ఒక బాట్‌కు, అంటే తనంతట తానే జవాబిచ్చే ప్రోగ్రామ్‌కు పంపితే, స్వచ్ఛంద కార్యకర్తలు పరిశీలించి రాసిన వివరణ తిరిగి వస్తుంది. ఆ సమాచారాన్నే వాడుకునే ‘మెయ్‌యూ ఆంటీ’ అనే మరో బాట్‌ను ఏకంగా కుటుంబ గ్రూపులోనే చేర్చుకోవచ్చు. తప్పుడు మెసేజ్ రాగానే ఆవిడే సమాధానం చెబుతుంది కాబట్టి, కోడలో మనవడో నోరు విప్పి చెడ్డ కావలసిన అవసరం ఉండదు. గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు: పోలీసులను ఊళ్లలోకి పంపి, డప్పుతో, పాటలతో పుకార్ల సంగతి విప్పి చెప్పించారు.

మా ఇంట్లో నేను గ్రూపులో ఖండించడం మానేశాను. మా పెదనాన్నగారికి విడిగా ఫోన్ చేసి, విషయం వివరించి, ఆ మాట మీరే చెబితే బాగుంటుందని కోరతాను. ఆరోగ్యానికి సంబంధించిన వాటిని ఆయన చాలావరకు సరిదిద్దడమే కాక, తాను ముందు పంపిన ఇతర గ్రూపులకు కూడా తెలియజేస్తారు. రాజకీయాల విషయంలో మాత్రం ఈ పద్ధతి ఇంతవరకూ పని చేయలేదు. అక్కడ నా ఫోన్ కన్నా ఆయన పాత స్నేహితుల గ్రూపుకే విలువ ఎక్కువ.