గైడ్‌తో అడవి నడకకు వెళ్తే పూలు నిజంగా కనిపిస్తాయా?

ఏప్రిల్ నెలాఖరులో గైడ్‌తో వసంతపు పూల నడకకు పేరిచ్చానని, ఒక్క పూవు పేరూ తెలియదని, ముందే ఫొటోలు చూసి బట్టీ పట్టాలా అని అడిగారు. అంత టెన్షన్ అక్కర్లేదు. ఉత్తర అమెరికా తూర్పు వైపు అడవుల్లో ఇలాంటి నడకలకు నేను చాలాసార్లు వెళ్లాను. నా అనుభవంలో పనికొచ్చిన చిట్కా ఒక్కటే: పూలు కాదు, ఆకులు వెతకండి.

ఈ పూలలో చాలావరకు జానెడు ఎత్తు కూడా ఉండవు. పైగా కొన్ని మబ్బు పట్టినా, చలిగా ఉన్నా ముడుచుకుపోతాయి. స్ప్రింగ్ బ్యూటీ అయితే ఎండ లేకపోతే రేకులు విప్పదు. ఆకు మాత్రం ఎక్కడికీ పోదు. మచ్చల మచ్చలుగా నున్నటి ఆకులు నేలంతా పరుచుకుని ఉంటే అది ట్రౌట్ లిల్లీ. ఒంటి ఆకు మొక్కలు పూయవు, రెండాకులున్న వాటి దగ్గరే ఆగండి. పసుపు పూవు తల వంచుకుని ఉంటుంది. మేయాపిల్ కూడా అంతే. గొడుగులా విచ్చుకున్న ఆకు ఒక్కటే ఉంటే వదిలేయండి. కాడ రెండుగా చీలి రెండాకులుంటే, ఆ చీలిక దగ్గర ఆకుల చాటున తెల్ల పూవు గానీ మొగ్గ గానీ ఉంటుంది. నిలబడి చూస్తే అస్సలు కనిపించదు, వంగాల్సిందే.

నాకు అన్నిటికంటే నచ్చేది బ్లడ్‌రూట్. ఒక్కటే ఆకు, అది కాడ చుట్టూ శాలువా కప్పినట్టు చుట్టుకుని ఉంటుంది, పైన తెల్లటి పూవు. వేరు గిల్లితే ఎర్రటి రసం కారుతుంది, కానీ మీరు గిల్లకండి. రేకులు ఒకటి రెండు రోజులకే రాలిపోతాయి, గాలి గట్టిగా వీస్తే ఆ మాత్రం కూడా ఉండవు. కాబట్టి మీ నడక రోజున ఇది దొరక్కపోతే గైడ్‌ను తిట్టుకోకండి.

ఈ పూలకు ఇంత తొందర ఎందుకంటే, చెట్లకు ఆకులొచ్చేస్తే నేల మీద ఎండ పడదు. ఆ లోపు దొరికే కొద్ది వారాల్లోనే ఈ మొక్కలు మొలిచి, పూసి, వచ్చే ఏడాదికి కావలసింది వేళ్లలో, దుంపల్లో దాచుకోవాలి. ట్రౌట్ లిల్లీ, స్ప్రింగ్ బ్యూటీ లాంటివి ఎండాకాలం వచ్చేసరికి నేల మీద ఆనవాలు లేకుండా పోతాయి.

గైడ్ ఉన్నందుకు అసలు లాభం పేర్లు చెప్పడం కాదు, మనం దాటిపోయేదాన్ని ఆపి చూపించడం. వైల్డ్ జింజర్ పూవు ముదురు ఎరుపు గోధుమ రంగులో, నేలను ఆనుకుని, ఎండుటాకుల కింద ఉంటుంది. ఎవరైనా చూపిస్తే తప్ప కొత్తవాళ్లకు దొరకదు. అందుకే వీలైనంతవరకు గైడ్ వెనకే నడవండి. కెమెరాల వాళ్లు ఒక్కో పూవు దగ్గర పది నిమిషాలు కూర్చుంటారు, వాళ్ల వెనక చిక్కుకుంటే సగం మాటలు వినబడవు. (నేనూ ఫొటోలు తీస్తాను, అయినా చెబుతున్నాను.) ఉదయం బ్యాచ్, పదకొండు గంటల బ్యాచ్ రెండూ ఉంటే రెండోదే మేలు, పూలు విచ్చుకుని ఉంటాయి.

దారి దిగి నడిచి మొక్కలు మాత్రం తొక్కకండి, పూలు తెంపకండి. ట్రిలియం (మూడాకుల మధ్య మూడు రేకుల పూవు పూసే మొక్క) గింజ నుంచి మొలిచి పూయడానికి 7 ఏళ్లు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. దాని గింజలను దూరం మోసేది చీమలు, గింజకు అంటి ఉండే కొవ్వు ముక్క కోసం. పూవుతో పాటు ఆ మూడాకులూ తెంపేస్తే దుంపకు ఆ ఏడాది తిండి ఉండదు, కొన్ని మొక్కలు చచ్చిపోతాయి కూడా.

పొడుగు ప్యాంటు వేసుకుని, దాని అంచులు సాక్సుల్లోకి దోపుకోండి. టిక్స్, అంటే పిడుదులు, ఆ రోజుల్లో బాగా తిరుగుతుంటాయి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, నడుము దగ్గర ఒకసారి చూసుకోండి.