జీతం వస్తున్నా డబ్బంటే భయం పోవడం లేదన్న మీ ప్రశ్నకి

మీరు రాసింది క్లుప్తంగా ఇది: నెలనెలా జీతం పడుతోంది, చిన్న ఇంటి లోను తప్ప అప్పుల్లేవు, అయినా ఒక చొక్కా కొంటే రెండు రోజులు మనసు పీకుతుంది, బ్యాంక్ యాప్ తెరవాలంటే దడ. చుట్టాలు అడిగితే లేదనలేరు. పొదుపు చిట్కాలు వద్దు, ఈ భయం తగ్గే దారి చెప్పమన్నారు.

నేను చూసినంతలో ఈ భయానికి, చేతిలో ఎంత ఉందన్నదానికి పెద్ద సంబంధం లేదు. చిన్నప్పుడు ఇంట్లోకి డబ్బు ఎలా వచ్చేదో చూడాలి. మాది చిత్తూరు దగ్గర పల్లె. నాయనది మామిడికాయల డబ్బు, అమ్మది పాలడబ్బు. గుజ్జుకి వాడే తోతాపురి రకం, ఏడాదికొక్కసారి, జూన్, జూలైల్లో. గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరసలో రాత్రంతా పడుకుని, తెల్లారి వాళ్ళు ఏ రేటు చెబితే ఆ రేటుకి దించి రావాలి. పాత బాకీలు, పురుగుమందుల కొట్టు, మా ఫీజులు, అన్నీ ఆ ఒక్క మొత్తంలోంచే. అది చేతికొచ్చిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. ఇప్పటికీ అదే కథ. 2025లో ధర పడిపోతే కిలోకి 12 రూపాయలని, అందులో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇచ్చేట్టు నిర్ణయించారు. ఆ నాలుగు రూపాయలు పడ్డాయా అని నాయన అప్పుడు ఫోన్ చూసుకోని పూట లేదు.

అమ్మకి రెండు ఆవులు. పొద్దున, సాయంత్రం కేంద్రంలో పోస్తే ఫ్యాట్ చూసి రాసుకునేవాళ్ళు, పదిహేను రోజులకోసారి బిల్లు. చెనక్కాయ చెక్కకి, తవుడుకి తీసి పక్కన పెట్టి, కొంత పోపులడబ్బాలో వేసి, స్వామికని ఒక నాణెం పసుపుగుడ్డలో ముడుపు కట్టేది. మిగిలింది హాయిగా ఖర్చు పెట్టేది. తనకి పూలు, మాకు మిక్చర్ పొట్లం. కొన్నాక బాధపడటం నేనెప్పుడూ చూడలేదు.

తిరుపతిలో ఉద్యోగంలో చేరాక నాది నాయన పోలికేనని అర్థమైంది. అందుకే జీతాన్ని పాలబిల్లు చేసేశాను. ఒకటో తేదీన పడగానే అద్దె, చీటీ, ఆర్‌డీ, ఊరికి పంపేది వాటంతటవే పోతాయి. మిగిలినదాన్ని వారాలకి పంచి, ప్రతి సోమవారం ఇంకో ఖాతాలోకి వెళ్ళేట్టు బ్యాంకులో పెట్టించాను. ఫోన్‌పేకి కలిపింది ఆ రెండో ఖాతానే. అందులో ఉన్నది ఖర్చు పెట్టడానికే. గాంధీరోడ్డులో చీర కొన్నా నాకు నేను సంజాయిషీ చెప్పుకోను.

బ్యాలెన్స్ చూడటానికి ఒక వేళ పెట్టుకోండి. గంటకోసారి చూసినా, నెలంతా చూడకపోయినా టెన్షనే. మేం ఆదివారం కాఫీ తాగాక నేనూ మా ఆయనా కూర్చుని పైకి చదువుకుంటాం. పాప అక్కడే ఆడుకుంటుంది, పొమ్మనం. డబ్బు మాట గుసగుసగానే వింటూ పెరగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

లోను ఉందని సిగ్గుపడకండి. పెళ్ళికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకి కొండమీద స్వామి ఇంకా వడ్డీ కడుతున్నాడని మనమే చెప్పుకుంటాం, ఆయన్ని వడ్డీకాసులవాడని ముద్దుగా పిలుచుకుంటాం. వాయిదా తప్పనంత వరకు అప్పు ఒక ఖర్చు, అంతే. ఇంట్లోవాళ్ళకి తెలియకుండా చేసిన అప్పు సంగతి మాత్రం వేరు.

ఇవన్నీ చేసినా నిద్ర పట్టకపోతే, ఛాతీ పట్టేసినట్టుంటే, అది ఖాతాలతో తేలే విషయం కాదు. డాక్టర్‌ని కలవండి, లేదా మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక చేబదుళ్ళు. ఆ వారం ఖాతాలో ఉన్నంతలోనే ఇస్తాను, తిరిగొస్తుందని లెక్కలో రాసుకోను. అంతకు మించి అడిగితే, "ఒకటో తేదీనే అన్నీ పోయాయి పిన్నీ" అంటాను. అబద్ధం కూడా కాదు కదా.